కొల్లేటి పొలాలకు కావలసినది ఏ భాస్వర సామర్థ్యం?

సార్వా ఊడ్పుల కాలంలో కైకలూరు నుంచి ఏలూరు వైపు వెళ్ళే దారిలో ప్రయాణించేవారికి రెండు దృశ్యాలు ఒకదాని పక్కన ఒకటి కనబడుతాయి. ఒక వైపు ఆఖరి దమ్ము చేస్తున్న పొలం, గట్టుమీద డీఏపీ బస్తాలు. మరొక వైపు చేపల చెరువు, నీటిలో పాతిన వెదురు కర్రలకు వేలాడగట్టిన చిల్లుల సంచులు, ఆ సంచులలో నూనె తీసిన తవుడు. ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని మన వరి ప్రజనన పరిశోధన ఇంతవరకు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. బస్తాలోని భాస్వరం పొలంలోకి, పొలం నుంచి గింజలోకి, మిల్లులో గింజ నుంచి తవుడులోకి, తవుడుతో చేపల చెరువులోకి, అక్కడి నుంచి మురుగు కాలువల మీదుగా కొల్లేటిలోకి చేరుతుంది. మొరాకో గనులలో తవ్విన రాయి చివరకు గుర్రపుడెక్కకు ఎరువవుతున్నదంటే అతిశయోక్తి కాదు.

నేలలోని భాస్వరాన్ని సమర్థంగా వినియోగించుకొనే వరి వంగడాల రూపకల్పన ఈనాడు దేశమంతటా పరిశోధకులను ఆకర్షిస్తున్న అంశం. అందుకు కారణాలు స్పష్టమే. నత్రజనిని గాలి నుంచి తయారు చేసుకోవచ్చును, భాస్వరాన్ని గని నుంచి తీయవలసిందే. ప్రపంచంలోని ఫాస్ఫేటు నిల్వలలో సుమారు 70 శాతం మొరాకో, పశ్చిమ సహారా ప్రాంతాలలో ఉన్నవి. మన దేశంలో రాజస్థాన్‌లోని ఝామర్‌కోట్ర వంటి గనులు కొద్దిపాటి అవసరాన్ని మాత్రమే తీర్చగలవు. మిగిలినదంతా రాయిగానో, ఫాస్ఫారిక్ ఆమ్లంగానో, తయారైన డీఏపీగానో ఓడలలో రావలసిందే. 2021లో అంతర్జాతీయ ధరలు పెరిగినప్పుడు కేంద్రప్రభుత్వం బస్తాకు 500 రూపాయలుగా ఉన్న సబ్సిడీని ఒక్కసారిగా 1,200 రూపాయలకు పెంచవలసి వచ్చింది. రైతు చెల్లించే ధర వెనుక ఎంత భారం దాగి ఉన్నదో ఆ సంవత్సరం తెలియజేసింది. కనుక తక్కువ భాస్వరంతో పండే వరి కావాలన్న కోరిక న్యాయమైనదే.

అయితే 'భాస్వర సామర్థ్యం' అన్న ఒక్క మాట కింద రెండు వేరువేరు గుణాలు ఇమిడి ఉన్నవి. మొదటిది, నేలలో ఉన్న భాస్వరాన్ని వేళ్ళు ఎక్కువగా సేకరించగలగడం. రెండవది, సేకరించిన కొద్దిపాటి భాస్వరంతోనే మొక్క ఎక్కువ గింజను ఇవ్వగలగడం, గింజలోకి అనవసరంగా భాస్వరాన్ని తరలించకపోవడం. వ్యవహారంలో మనం ఈ రెంటినీ కలిపి మాట్లాడుతున్నాము. పరిశోధన, ప్రచారం, నిధులు దాదాపు అన్నీ మొదటి గుణం వైపే మొగ్గినవి. కొల్లేటి చుట్టూ ఉన్న డెల్టా నేలలకు కావలసినది ప్రధానంగా రెండవది. ఈ వ్యాసంలోని వాదన ఇంతే. దానికి ఆధారాలను, దానిపై రాగల ఆక్షేపణలను కొంచెం వివరంగా చూద్దాము.

మొదటి గుణం కథ ప్రజననశాస్త్రంలో ఒక విజయగాథ, అందులో సందేహం లేదు. తూర్పు భారతదేశం వైపు సాగయ్యే ఔస్ వర్గానికి చెందిన కాసలత్ అనే పాత రకాన్ని జపాను రకమైన నిప్పన్‌బరేతో సంకరపరచి, ఆ సంతతిని భాస్వరం కొరత ఉన్న నేలలో పెంచి పరిశీలించిన శాస్త్రజ్ఞులు 1998లో 12వ క్రోమోజోముపై ఒక జన్యుస్థానాన్ని గుర్తించారు. దానికి పప్ 1 అని పేరు పెట్టారు. ఆ స్థానంలో అసలు పని చేసే జన్యువు ఏదో తేలడానికి మరో పద్నాలుగేళ్ళు పట్టింది. 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞుల బృందం పీస్టాల్ 1 అనే జన్యువును 'నేచర్' పత్రికలో ప్రకటించింది. ఆసక్తికరమైన విషయమేమంటే ఈ జన్యువు భాస్వరాన్ని కరిగించదు, రవాణా చేయదు. మొక్క చిన్నదిగా ఉన్నప్పుడు వేళ్ళు త్వరగా, ఎక్కువగా పుట్టేటట్లు చేస్తుంది. వేళ్ళు ఎక్కువైతే అవి తడిమే మట్టి ఎక్కువవుతుంది, మట్టిలో కదలికలేని భాస్వరం అందుబాటులోకి వస్తుంది. నిప్పన్‌బరేలో గాని, ప్రపంచమంతా విస్తరించిన ఐఆర్ 64లో గాని ఈ జన్యువే లేదు. సారవంతమైన ప్రయోగక్షేత్రాలలో ఏరికూర్చిన ఆధునిక వంగడాలు కొన్ని దీనిని ఎప్పుడో జారవిడుచుకున్నవి. అది లేదని ఎరువు వేసిన మడిలో ఎవరికీ తెలియదు.

మన రాష్ట్రానికి గర్వకారణమైన విశేషం ఒకటి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. మారుటేరు పరిశోధనాస్థానం వశిష్ట, మసూరి రకాలను సంకరపరచి 1982లో విడుదల చేసిన స్వర్ణ (ఎంటీయూ 7029) తక్కువ భాస్వరాన్ని తట్టుకొనే రకాలలో ఒకటి. పప్ 1 అందులో ఉన్నది. దానిని రూపొందించినవారు ఆ గుణం కోసం వెదకలేదు. ఆనాటికి ఆ జన్యుస్థానం పేరు కూడా లేదు. కాని తక్కువ ఎరువుతో పండుతుందని స్వర్ణకు రైతులలో మొదటి నుంచి పేరున్నది, తూర్పు రాష్ట్రాలలో అది అంతగా పాతుకుపోవడానికి ఆ పేరు కూడా ఒక కారణం. శాస్త్రం పేరు పెట్టడానికి ముందే రైతు గుణాన్ని గుర్తించిన సందర్భాలలో ఇది ఒకటి. హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ తన రాజేంద్రనగర్ క్షేత్రంలో ఒక మడిని భాస్వరం వేయకుండా ప్రత్యేకించి ఉంచింది. అక్కడ లభ్య భాస్వరం ఒల్సెన్ పద్ధతిలో 2 పీపీఎం కంటే తక్కువ. ఆ మడిలో తట్టుకోలేని రకాలు పిలకలు వేయక, కొన్ని పూతకు కూడా రాక నిలిచిపోతాయి. ఆ మడిలో నిగ్గు తేల్చి, స్వర్ణ నుంచి పప్ 1ను మేలైన సాంబ మసూరి నేపథ్యంలోకి తెచ్చిన కృషి ఫలితంగా ఎండాకు తెగులును, భాస్వరం కొరతను రెంటినీ తట్టుకొనే డీఆర్ఆర్ ధాన్ 60 వంటి వంగడాలు వచ్చినవి. ఇది సామాన్యమైన పని కాదు.

ఇక మన పొలాలకు వద్దాము. రాజేంద్రనగర్ మడిలో భాస్వరం లేదు. కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి, కలిదిండి పొలాలలో సమస్య భాస్వరం లేకపోవడం కాదు, పేరుకుపోవడం. కృష్ణా, గోదావరి వండలితో ఏర్పడిన నల్ల బంకమట్టి ఇది. దీనిపై దశాబ్దాలుగా రెండు పైర్లకూ భాస్వరం వేస్తూ వచ్చాము. లెక్క చూడండి. ఎకరాకు 75 కిలోల బస్తాలు 40 పండితే ధాన్యం 3 టన్నులు. టన్ను ధాన్యంతో పొలం దాటిపోయే భాస్వరం సుమారు 2 కిలోలు, కొంచెం ఎక్కువ. అంటే గింజతో ఎకరాకు 6, 7 కిలోలు పోతుంది, గడ్డి కూడా తీసుకుపోతే మరో రెండు, మూడు కిలోలు. 50 కిలోల డీఏపీ బస్తా ఒక్కదానిలోనే మూలక రూపంలో 10 కిలోల భాస్వరం ఉన్నది. దమ్ములో ఒక బస్తా డీఏపీ వేసి, తరువాత పైపాటుగా ఒక బస్తా 20-20 కాంప్లెక్సు వేసిన రైతు 14 కిలోలకు పైగా వేసినట్లు. పోయినది పోగా పైరు పైరుకూ కొంత నేలలో మిగులుతున్నది. ఏడాదికి రెండు పైర్లు, అది కూడా ముప్పై, నలభై ఏళ్ళుగా.

దానికి తోడు వరి మడికి ప్రకృతి ఇచ్చిన ఒక సౌలభ్యం ఉన్నది. నీరు నిలిచిన కొద్ది వారాలకు మట్టిలో ప్రాణవాయువు తరిగి, ఇనుము రూపం మారుతుంది. ఇనుముతో బంధించబడి ఉన్న భాస్వరం విడుదలై నీటిలోకి వస్తుంది. మెట్ట పైరుకు చాలని భాస్వరం గల నేల కూడా నీరు కట్టిన వరికి చాలుతుంది. డెల్టాలో సార్వా వరి భాస్వరానికి స్పందించడం అరుదు. డిసెంబరు, జనవరి చలిలో వేళ్ళు మందగించే దాళ్వాకు భాస్వరం వేసి, దాని అవశేషాన్ని సార్వాకు వదలమని మన శాస్త్రజ్ఞులు చెప్పే సలహాకు మూలం ఇదే. ఆ సలహా పుస్తకాలలో ఉన్నది. పొలంలో చాలా చోట్ల లేదు.

ఎందుకు లేదో ఒకసారి కలిదిండి వైపు ఒక కౌలు రైతు నాకు వివరించాడు. ఆయన మాటల సారాంశం నాకు ఏ సర్వే నివేదిక కంటే ఎక్కువగా గుర్తున్నది. "మట్టిలో ఉన్నది నాకు కనపడదండి, బస్తా కనపడుద్ది. పైరు నల్లగా లేకపోతే ఆసామి వచ్చే ఏడు చేను ఇంకొకరికి ఇస్తాడు." ఈ రెండు వాక్యాలలో డెల్టా భాస్వర సమస్య అంతా ఉన్నది. మట్టి పరీక్ష కార్డుల పథకం దేశంలో 2015లో మొదలైంది. కార్డు భూమి పేరున వస్తుంది, ఎరువు కొనేవాడు కౌలుదారు. మన రాష్ట్రంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినా, ఒక్క ఏడాది నోటిమాట కౌలు మీద సాగుచేసేవాడు నేలలోని నిల్వను నమ్ముకొని ఎరువు తగ్గించుకొనే సాహసం చేయడు. నిల్వ ఎవరిది? నష్టం వస్తే ఎవరిది? విడ్డూరమేమంటే, ఆయన కోరుకొనే ఆ నల్లదనం నిజానికి భాస్వరం కొరతకు కూడా లక్షణమే. భాస్వరం చాలని వరి గిడసబారి, పిలకలు తగ్గి, ఆకు మామూలుకంటే ముదురాకుపచ్చగా ఉంటుంది. మరొక వైపు, భాస్వరం మితిమీరిన నేలలో జింకు అందక పైరు తుప్పు మచ్చలతో ఆగిపోతే, అది బలం చాలకనే అని తలచి మరో బస్తా వేసేవారూ ఉన్నారు. రోగమే మందుగా మారిన స్థితి ఇది.

ఇటువంటి నేలలోకి పప్ 1 ఉన్న వంగడాన్ని తెచ్చి, 'ఇది తక్కువ భాస్వరంతో పండుతుంది' అని చెబితే ఏమవుతుంది? అది నిజమే, కాని దాని పక్కన ఉన్న ఎంటీయూ రకం కూడా అక్కడ అంతే తక్కువ భాస్వరంతో పండుతుంది. తేడా కనబడదు. కనబడని తేడాను రైతు నమ్మడు, నమ్మనక్కర లేదు కూడా. డెల్టా రైతు విత్తనం ఎంచుకొనేటప్పుడు దోమపోటును తట్టుకుంటుందా, అక్టోబరు, నవంబరు తుపాను గాలికి పడిపోతుందా, పడినా కంకి మీద మొలకెత్తకుండా నిలుస్తుందా, మిల్లరు కొంటాడా అని అడుగుతాడు. ఉప్పుటేరు దాపున ఉన్నవాడు చౌడును కూడా అడుగుతాడు. ఈ వరుసలో భాస్వరం ఎక్కడో చివరన ఉంటుంది. అలా ఉండటంలో తప్పు లేదు.

మెట్ట నేలల సంగతి వేరు. తాడేపల్లిగూడెం దాటి ద్వారకా తిరుమల, కామవరపుకోట, చింతలపూడి వైపు వెళితే ఎర్రనేలలు వస్తాయి. ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు భాస్వరాన్ని గట్టిగా పట్టి ఉంచే నేలలు ఇవి. బోరుబావుల కింద ఆరుతడిగా వరి పండించే చోట నీరు నిలవదు, నీరు నిలవకపోతే ఇనుము తన పట్టు వదలదు. అక్కడ పప్ 1 విలువ అక్షరాలా కనబడుతుంది. డెల్టాలో కూడా కాలువ చివరి భూములలో నీరు ఆలస్యమై, ఊడ్పు కూలి భరించలేక, పొడి దుక్కిలో వరి వెదజల్లే పద్ధతి పెరుగుతున్నది. ఆ పైరు మొదటి నెలరోజులు మెట్ట పైరే. లేత వేళ్ళు త్వరగా పాకవలసిన సమయం, నేలలో భాస్వరం బిగిసి ఉండే సమయం ఒకటే అవుతాయి. కనుక పప్ 1 కృషి వృథా అని నేను అనడం లేదు. దానికి తగిన చోటు చూపించమని అంటున్నాను. ఆ చోటు ఎర్రనేల మెట్ట, వెద వరి. అక్కడ కూడా ఒక హెచ్చరిక అవసరం. వేళ్ళ బలంతో భాస్వరాన్ని సేకరించే వంగడం భాస్వరాన్ని సృష్టించదు, బ్యాంకు ఖాతాలోని సొమ్మును వేగంగా తీస్తుంది. డీఏపీ మానేయవచ్చునన్న ప్రచారంతో ఎర్రనేలలకు దానిని అందిస్తే, పదేళ్ళలో ఆ కొద్ది ఖాతా ఖాళీ అవుతుంది. గింజతో పోయినంతైనా తిరిగి వేయక తప్పదన్న మాట వంగడంతోపాటే చెప్పవలసి ఉంటుంది.

ఇప్పుడు రెండవ గుణానికి వద్దాము. వరి మొక్క కోతనాటికి తన శరీరంలో ఉన్న భాస్వరంలో సుమారు మూడు వంతులను గింజలోకి చేరుస్తుంది. అందులో అధికభాగం ఫైటిక్ ఆమ్లం రూపంలో పై పొరలలో, అంటే తవుడులో నిల్వ ఉంటుంది. గింజ దిగుబడికి ఇంత భాస్వరం అవసరమా? అవసరం లేదనే సూచనలు బలంగా ఉన్నవి. 2017లో జపాను శాస్త్రజ్ఞులు వరి కణుపులలో పనిచేసే ఎస్‌పీడీటీ అనే రవాణా ప్రోటీనును గుర్తించారు. వేళ్ళ నుంచి వచ్చిన భాస్వరాన్ని ఆకులకు ఎంత, గింజకు ఎంత అని పంచే పని దీనిది. ఆ జన్యువు పనిచేయని మొక్కలలో దంపుడు బియ్యంలో భాస్వరం 20 నుంచి 30 శాతం తగ్గింది, గడ్డిలో ఆ మేరకు పెరిగింది. దిగుబడిగాని, మొలకశాతంగాని, నారు బలంగాని తగ్గలేదు. నా దృష్టిలో కొల్లేటి ప్రాంతానికి సంబంధించినంతవరకు గత పాతికేళ్ళ వరి భాస్వర పరిశోధనలో ముఖ్యమైన ఫలితం ఇదే. దీనిని గురించి మన సదస్సులలో ఎంత తక్కువగా మాట్లాడుకుంటామో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

కొల్లేటికి దీనితో ఏమి సంబంధం? సంబంధం చిల్లుల సంచులలో ఉన్నది. గత నాలుగు దశాబ్దాలలో కొల్లేటి చుట్టూ బొచ్చె, శీలావతి చేపల పెంపకం విస్తరించిన తీరు అందరికీ తెలిసినదే. ఆ పెంపకానికి ఆధారం నూనె తీసిన తవుడు, ఇక్కడి వారి వాడుకలో డీఓబీ. డెల్టా మిల్లులలో ఆడిన ధాన్యం తవుడు నూనె మిల్లుకు వెళ్ళి, నూనె పోయి, చెరువుకు చేరుతుంది. నూనెతో భాస్వరం పోదు, తవుడులోనే ఉండి మరింత చిక్కబడుతుంది. ఆ భాస్వరంలో అధికభాగం ఫైటిక్ రూపంలో ఉన్నదని చెప్పుకున్నాము. దానిని విడగొట్టే ఫైటేజ్ ఎంజైము చేపల జీర్ణనాళంలో తగినంత లేదు. బొచ్చెకు, శీలావతికి జీర్ణాశయమే లేదు. అందువల్ల అవి తిన్న తవుడులోని భాస్వరం ఎక్కువగా విసర్జనతో నీటిలోకి, బురదలోకి చేరుతుంది. పైగా ప్లవకాల కోసమని చెరువులలో కోళ్ళ ఎరువు, సూపర్ ఫాస్ఫేటు, కొన్నిచోట్ల డీఏపీ కూడా వేస్తారు. పట్టుబడి తరువాత నీరు వదిలినప్పుడు అదంతా మురుగు కాలువలకు, అక్కడి నుంచి సరస్సుకు చేరుతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటికి బయటి దారి ఉప్పుటేరు ఒక్కటే. అది పూడి సన్నబడిన కొద్దీ వచ్చిన పోషకాలు సరస్సులోనే నిలిచిపోతాయి. గుర్రపుడెక్క ఎందుకు తగ్గడం లేదని ఏటేటా ఆశ్చర్యపడనక్కర లేదు.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో అభయారణ్యం పరిధిలోని చెరువుల గట్లు తెగగొట్టారు. ఆ చర్యల మంచిచెడ్డలు, అవి లంక గ్రామాల జీవనంపై చూపిన ప్రభావం వేరే చర్చ. ఇక్కడ చెప్పదలచినది ఒక్కటే. హద్దులు గీసినా, గట్లు తెంపినా, ఐదవ కాంటూరుకు పైన పండే ప్రతి ధాన్యపు గింజ తనతో ఇంత భాస్వరాన్ని మోసుకొని వెళ్ళి, అందులో ఒక భాగాన్ని తవుడుగా మళ్ళీ సరస్సు చుట్టూ దించుతూనే ఉన్నది. గింజలో భాస్వరం నాలుగో వంతు తగ్గితే తవుడులో ఆ మేరకు తగ్గుతుంది. పొలం నుంచి పోయేది తగ్గుతుంది కనుక మళ్ళీ వేయవలసినదీ తగ్గుతుంది. ఎకరాకు 6 కిలోలు పోయే చోట నాలుగున్నర పోతుంది. ఒక ఎకరంలో ఇది చిన్న అంకె. పొలాన్ని, చెరువును, సరస్సును కలిపి చూస్తే చిన్నది కాదు.

దీనిపై రాగల ఆక్షేపణలు నాకు తెలుసు. మొదటిది, గింజలో భాస్వరం తగ్గితే నారు బలహీనపడుతుందని. భాస్వరం లేని నేలలో ఇది నిజమైన భయమే, విత్తనంలోని నిల్వే అక్కడ మొలకకు తొలి ఆహారం. కనుక ఈ గుణాన్ని ఎర్రనేల మెట్టకు, ఏజెన్సీ పోడుకు సిఫారసు చేయడం తప్పు. భాస్వరం నిండుగా ఉన్న డెల్టా నారుమడిలో ఆ భయానికి ఆస్కారం తక్కువ. అనుమానముంటే విత్తనోత్పత్తి మడికి మాత్రం భాస్వరం పెంచి చూడవచ్చును. రెండవది, తినేవారి పోషణకు నష్టమని. మన ఆహారంలో సాధారణంగా కొరత ఉన్నది ఇనుము, జింకులకు గాని భాస్వరానికి కాదు. ఫైటిక్ ఆమ్లం ఆ రెంటినీ బంధించి ఒంటికి పట్టకుండా చేస్తుంది కాబట్టి, అది తగ్గడం దంపుడు బియ్యం తినేవారికి మేలే. మూడవ ఆక్షేపణ బలమైనది. గడ్డిలో భాస్వరం మిగిలితే, గడ్డి పొలంలోనే ఉంటేనే లాభం. యంత్రంతో కోసి, గడ్డిని కట్టలు కట్టి అమ్మినా, తగలబెట్టినా లెక్క మారుతుంది. తగలబెడితే భాస్వరంలో ఎక్కువ భాగం బూడిదలో మిగులుతుందిగాని, నత్రజని, సేంద్రియ పదార్థం పోతాయి. అమ్మితే భాస్వరమూ పోతుంది, పశువు తింటే కొంతైనా పేడగా వెనక్కి రావచ్చు. దీనికి ప్రజననశాస్త్రం వద్ద సమాధానం లేదు. ఇది కోతయంత్రం, దాళ్వాకు దొరికే కొద్దిరోజుల వ్యవధి, పశువుల సంఖ్య తేల్చవలసిన విషయం.

నాలుగవ ఆక్షేపణ ఒక సహోద్యోగి నాతో అన్నది. రైతు బస్తా వేయడం ఎలాగూ మానడు, ఇక వంగడం మార్చి లాభమేమిటి అని. నేను దీనిని తలకిందులుగా చూస్తాను. సేకరణ సామర్థ్యం ఉన్న వంగడం ఫలితమివ్వాలంటే రైతు ఎరువు తగ్గించాలి, అంటే ఆయన స్వభావం మారాలి. గింజలో భాస్వరం తక్కువగా దాచే వంగడం, రైతు ఏమి చేసినా చేయకపోయినా, తవుడు ద్వారా చెరువుకు పోయేదానిని మాత్రం తగ్గిస్తుంది. కౌలు రైతును నిందించకుండా చేయగల పని ఇది.

సాధనాలు లేవని చెప్పే రోజులు కావు ఇవి. కొన్ని రకాల జన్యు సవరణ పంటలను జన్యుమార్పిడి నిబంధనల నుంచి కేంద్రం 2022లో మినహాయించింది. 2025 మేలో ప్రకటించిన తొలి రెండు జన్యు సవరణ వరి వంగడాలలో ఒకటి సాంబ మసూరి నుంచి, మరొకటి ఎంటీయూ 1010 నుంచి వచ్చినవి. రెండు మూల వంగడాలూ మన గడ్డమీద పుట్టినవే. ఒకటి బాపట్లది, ఒకటి మారుటేరుది. సవరణ మార్గం ఇష్టం లేనివారికి మన జన్యునిధిలోని పాత రకాలే ఉన్నవి. గింజలో భాస్వరం రకరకానికి మారుతుంది, ఆ వైవిధ్యాన్ని కొలిచి ఎంచుకోవడమే మొదటి మెట్టు.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. మనం కొలవడం లేదు. అఖిలభారత సమన్వయ వరి పథకం 1965 నుంచి నడుస్తున్నది. దాని ప్రయోగాలలో అధికభాగం సిఫారసు మోతాదు ఎరువులతో జరుగుతాయి. పూర్తి భాస్వరం వేసిన మడిలో భాస్వర సామర్థ్యం ఏ రూపంలోనూ బయటపడదు. ఎన్నో మంచి గుణాలు ఆ మడిలో కనబడక జారిపోతాయి, పీస్టాల్ 1 జారిపోయినట్లే. మన విశ్వవిద్యాలయ పరిధిలో మారుటేరులో దశాబ్దాలుగా సాగుతున్న దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం వంటివి ఉన్నవి. విడుదలకు సిద్ధమైన వంగడాలను డెల్టాలో రెండు సార్వాలు, రెండు దాళ్వాలు భాస్వరం వేయని మడిలో కూడా పెంచి చూడాలని నా మొదటి ప్రతిపాదన. రాజేంద్రనగర్ మడి వలె పూర్తిగా ఖాళీ అయిన నేల అక్కరలేదు. మన రైతు నేల ఎలా ఉన్నదో అలాంటి నేలే కావాలి. దాళ్వా ఫలితాన్ని సార్వా ఫలితంతో కలిపి సగటు తీయవద్దని కూడా కోరుతాను, చలిలో పైరు చెప్పే మాట వేరు.

రెండవ ప్రతిపాదన చెరువుల వైపు. కైకలూరు, ఆకివీడు ప్రాంతంలో చెరువులు ఎండబెట్టినప్పుడు తీసే బురద భాస్వరానికి గని వంటిది. దానిని గట్లకు, రోడ్డు అంచులకు వాడేకంటే, చౌడు లేదని పరీక్షించి ఎర్రనేలలకు తరలించడం లాభమా నష్టమా అన్నది లెక్క కట్టి చెప్పినవారు లేరు. లారీ కిరాయి దగ్గరే ఆ లెక్క తేలిపోవచ్చును, అయినా కట్టవలసిన లెక్కే. వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, పెదవేగిలోని ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఆ ఎర్రనేలల మధ్యనే ఉన్నవి. వరివారు, చేపలవారు, తోటలవారు కలిసి చేయవలసిన పని ఇది. అందుకే ఎవరూ చేయలేదేమో.

మూడవది చాలా చిన్నది, నేను ఎక్కువగా పట్టుబట్టేది కూడా ఇదే. వంగడాల విడుదల ప్రతిపాదనలో దిగుబడి, కాలపరిమితి, ఎత్తు, వెయ్యి గింజల బరువు, పిండిశాతం, అమైలోజు, చీడపీడల స్పందన అన్నిటికీ గడులు ఉంటాయి. గింజలో భాస్వరం ఎంతో చెప్పే గడి లేదు. ఆ ఒక్క గడి చేర్చాలి. గింజల పొడిని ఆమ్లంలో జీర్ణింపజేసి, వనడో-మాలిబ్డేటు ద్రావణం కలిపితే పసుపు రంగు వస్తుంది. ఆ రంగు గాఢతను కొలిస్తే భాస్వరం ఎంతో తెలుస్తుంది. స్నాతకోత్తర విద్యార్థి మొదటి ఏడాదే నేర్చుకొనే పద్ధతి, ప్రతి మృత్తికా ప్రయోగశాలలోనూ దానికి కావలసిన పరికరం ఉన్నది. ఈ ఏడాది దాళ్వా నూర్పిడి నమూనాలతోనే మొదలుపెట్టవచ్చును.